చామంతికి చీకటే గడియారం

దసరా, దీపావళి, కార్తీకం, సంక్రాంతి... పండగ ఏదైనా చామంతి లేనిదే గడవదు. కానీ తోటలన్నీ ఒక్కసారే విచ్చుకుంటే మార్కెట్లో గంపల మీద గంపలు పడి కోత కూలి కూడా గిట్టదు. పూత పండగకు వారం వెనకబడినా అంతే సంగతులు. ఈ వారం తేడాను రైతు తన చేతిలో ఉంచుకునే దారి ఒకటుంది. అది ఎరువులో లేదు, మందులో లేదు, వెలుతురులో ఉంది.

లెక్క రాత్రిదే

గోంగూర సంగతి అందరికీ తెలిసిందే. తొలకరిలో వేస్తే నెలల తరబడి ఆకు కోసుకుంటాం. చలికాలం ముందు వేస్తే మొక్క ఎదగకుండానే పూతకొస్తుంది. చామంతిదీ అదే గుణం. రాత్రి పొడవు పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కల మీద ఈ గుట్టు బయటపెట్టారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదని, మధ్యలో తెగని చీకటినని ఆ తర్వాత తేలింది. నడిరాత్రి కాసేపు లైటు వేస్తే ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులవుతుంది. మొగ్గ ఆగిపోతుంది.

ఆపాలంటే లైటు

మన దగ్గర జూన్‌లో కూడా పగలు 13 గంటలు దాటేది కొద్ది నిమిషాలే. డిసెంబరులో 11 గంటలే. అందుకే పాలీహౌస్‌లో కాడపూల రకాలను నాటి ఊరకే వదిలేస్తే పొట్టిగా ఉండగానే మొగ్గకొస్తాయి. కాడ తగినంత ఎదిగేదాకా రాత్రి 10 నుంచి 2 గంటల వరకు బల్బులు వెలిగించాలి. మొక్కల తలల దగ్గర 100 లక్స్ వెలుగు ఉంటే చాలు. పిలకలు తీసే తల్లి మొక్కలకూ ఇదే పద్ధతి.

60 వాట్ల పాత బల్బులు వంద పెడితే నాలుగు గంటలకు 24 యూనిట్లు కాలుతుంది. 9 వాట్ల ఎల్ఈడీలైతే 3.6 యూనిట్లే.

లైట్లు తీసేసిన నాటి నుంచి కాడపూల రకాలు ఎక్కువగా 8 నుంచి 10 వారాల్లో పూస్తాయి. నారు కొనేటప్పుడే ఎన్ని వారాల రకమో అడిగి రాసుకోవాలి. తొమ్మిది వారాల రకం సంక్రాంతికి అందాలంటే నవంబరు మొదటి వారంలోనే లైట్లు ఆపాలి. పండగ తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోవడమే ఇందులో కిటుకు.

తొందరపెట్టాలంటే నల్లగుడ్డ

ఎండాకాలం పూత కావాలంటే సాయంత్రం 6 నుంచి ఉదయం 7 దాకా మడులపై నల్లగుడ్డ కప్పాలి. మొగ్గలో రంగు కనిపించేదాకా రోజూ కప్పాల్సిందే. గుడ్డ కింద వేడి నిలిస్తే పూత ముందుకు రాకపోగా వెనకబడుతుంది. ఎండ పూర్తిగా తగ్గాకే కప్పడం, గాలి ఆడేలా చూడడం ముఖ్యం.

ఇవి మరవద్దు

చిరుగు ఉన్న గుడ్డ, పక్కన వీధి దీపం, షెడ్డు ముందు రాత్రంతా వెలిగే బల్బు... వీటిలో ఏ ఒక్కటున్నా ఆ వెలుగు పడిన సాళ్లు మొగ్గ తొడగకుండా ఏపుగా పెరుగుతూనే ఉంటాయి. చాలామంది తెగులు అనుకుని మందులు కొట్టి డబ్బు పోగొట్టుకుంటారు.

లైటు ప్రతి పంటకూ పనిచేయదు. గులాబీ, టమాట రాత్రి పొడవును పట్టించుకోవు. వయసొస్తే పూస్తాయి. పూత తేదీ మార్చాలని వాటికి బల్బులు కడితే కరెంటు బిల్లే మిగులుతుంది.

తడి మడుల మీద కరెంటు తీగలు ప్రాణాంతకం. అతుకులున్న వైరు వాడొద్దు. మోటారు కనెక్షన్ నుంచి దొంగచాటుగా లాగొద్దు. విద్యుత్ శాఖ అనుమతితోనే వేయించుకోవాలి. మొదటి ఏడాది రెండు మూడు మడుల్లోనే చేసి, లైట్లు ఆపిన తేదీ, తొలి పూత తేదీ గోడ మీదైనా రాసి పెట్టుకోండి. మీ రకానికి, మీ ఊరి వాతావరణానికి సరిపడే లెక్క ఆ రెండు తేదీల మధ్యే దొరుకుతుంది.