చర్చి బ్లాగ్‌లో పోస్టర్లే పెడుతున్నారా? అయితే మీ వాక్యం గూగుల్‌లో దొరకనట్టే!

ఆదివారం ఆరాధన అయిపోయింది. పాస్టర్ గారి వర్తమానాన్ని యూత్‌లో ఒకరు రాత్రంతా కూర్చుని టైప్ చేశారు. సూర్యోదయం బొమ్మ మీద బంగారు రంగు అక్షరాలతో పోస్టర్ తయారుచేసి మినిస్ట్రీ బ్లాగ్‌లో పెట్టేశారు. వాట్సాప్ గ్రూప్ నిండా ‘ఆమెన్’లే. కానీ వారం తిరిగేసరికి ఆ పేజీ తెరిచేవాళ్లే లేరు. ఎందుకిలా?

పోస్టర్ అంటే ఫొటో. అందులోవి మన కంటికి అక్షరాలే, పేజీకి మాత్రం కాదు. అందుకే ‘కీర్తనలు 23 వివరణ’ అని వెతికేవాళ్లకు ఆ పోస్ట్ దొరకడం చాలా కష్టం. చూపు సరిగా లేనివాళ్లు ఫోన్‌లో పేజీని చదివించుకుని విందామన్నా, ఆ బొమ్మ దగ్గరే పని ఆగిపోతుంది. ఇక పెద్దవయసు అమ్మగారైతే జూమ్ చేసి ఒక్కో లైనూ అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. మూడో లైన్‌కే విసుగొచ్చి ఫోన్ పక్కన పెట్టేస్తారు.

అలాగని పోస్టర్ మానేయక్కర్లేదు. వాట్సాప్ స్టేటస్‌కి పోస్టర్, బ్లాగ్‌కి టైప్ చేసిన మ్యాటర్.. ఇలా విడగొట్టుకుంటే చాలు. టైపింగ్ రాదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. జీబోర్డ్‌లో తెలుగు ఎంచుకుని మైక్ నొక్కి మాట్లాడితే అదే టైప్ చేస్తుంది. పేర్లు, వచనాల నంబర్లు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

డీటీపీ మ్యాటర్‌తో అసలు చిక్కు

కరపత్రాలు, సంఘ పత్రికలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో చేయించడం చాలాచోట్ల అలవాటు. ప్రింట్‌లో చక్కగా వస్తాయి. అదే మ్యాటర్ కాపీ చేసి బ్లాగ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఈ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టి నడిపిస్తాయి. ఫాంట్ లేని ఫోన్‌లో ఆ ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంటుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు కానీ వత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా చెడతాయి. పాత పోస్టర్లు మాత్రమే మిగిలి ఉంటే? కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌కి ఎక్కించి, ‘గూగుల్ డాక్స్’తో తెరిస్తే బొమ్మలోని తెలుగును చాలావరకు బయటకు తీస్తుంది.

ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. బ్లాగర్‌లో శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే లింక్‌లో ఆ శీర్షిక రాదు, ‘బ్లాగ్ పోస్ట్’ అనే మాట పక్కన ఏదో నంబర్ వస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో మూడు లైన్ల చాంతాడు. చూసినవాళ్లు వైరస్ లింకేమో అనుకుని వదిలేస్తారు! పబ్లిష్ నొక్కకముందే పర్మాలింక్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్న పేరు ఇచ్చుకోవాలి. శీర్షిక కూడా ‘అద్భుత సందేశం’ అని కాకుండా ‘కీర్తనలు 23: లోయలో భయం ఎందుకు పోతుంది?’ అన్నట్టు ఉంటే వెతికేవాళ్లకు తగులుతుంది.

డిజైన్ విషయానికొస్తే తెల్లటి పేజీ, నల్లటి అక్షరం, వత్తులు కింది లైన్‌ని తాకనంత ఖాళీ. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు ఉచితమే. పేజీ తెరవగానే పాట దానంతటదే మోగే సెట్టింగ్ ఉంటే వెంటనే తీసేయడం మంచిది. బస్సులో తెరిచినవాళ్లు ఉలిక్కిపడతారు.

ప్రార్థన విన్నపాలు పెట్టే ముందు..

ఇక్కడ పొరపాటు జరిగితే దెబ్బ తగిలేది బ్లాగ్‌కి కాదు, మనిషికి. ‘ఫలానా సహోదరి గర్భసంచి ఆపరేషన్ కోసం ప్రార్థించండి’ అని పెట్టేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ చర్చిలో చెప్పుకున్న బాధ బ్లాగ్‌లోకి వస్తే ఊరంతా చదువుతుంది. పెళ్లి సంబంధం చూడటానికి వచ్చేవాళ్లూ చదువుతారు. పేరు తీసేస్తే సరిపోతుందనుకోవడం భ్రమ. చిన్న ఊళ్లో ‘టీచర్‌గా చేసే అక్క’ అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఆమెను అడిగి, ఏం రాస్తున్నారో చూపించి, సరే అంటేనే పెట్టాలి. తాగుడు మానేసిన సాక్ష్యమైనా, పిల్లల ఫొటోలైనా అంతే. వద్దన్న రోజు తీసేయాలి కూడా. అయితే ఈలోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే చేయగలిగింది లేదు.

పాటల సాహిత్యానికీ హక్కులుంటాయి. మన చట్టం ప్రకారం రాసినవారు మరణించాక 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తనలకు ఇబ్బంది లేదు. నిన్నమొన్నటి ఆల్బమ్ పాట మొత్తం టైప్ చేసి పెట్టాలంటే మాత్రం అనుమతి కావాలి. లేదంటే వాళ్ల అఫీషియల్ వీడియోనే పేజీలో ఎంబెడ్ చేయొచ్చు.

చివరగా పాస్‌వర్డ్ సంగతి. బ్లాగ్ తెరిచిన కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోతాడు, నంబర్ మారుస్తాడు, ఏళ్ల తరబడి పెట్టిన వర్తమానాలు అతని మెయిల్‌లోనే చిక్కుకుపోతాయి. రెండేళ్లు అసలు వాడని అకౌంట్‌ని గూగుల్ తొలగించే వీలుంది. కాబట్టి సంఘం పేరుతో ఒక మెయిల్ తెరిచి దాన్ని రెండో అడ్మిన్‌గా చేర్చాలి. బ్లాగర్ సెట్టింగ్స్‌లో ‘బ్యాకప్ కంటెంట్’ నొక్కితే పోస్టులన్నీ ఒక ఫైల్‌గా దిగుతాయి. నెలకోసారి ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి పాస్టర్ గారి ఇంట్లో ఉంచితే సరి.