పెరటికోళ్లు నేర్పిన పాఠము

అగళి ప్రాంతమున రాగి పంట కలదు. కోళ్లకు రాగులును తవుడును మేలని పెద్ద లెఱుఁగుదురు. దాని కారణము ఒక పొరపాటువలన తేలినది.

1889 ప్రాంతమున జావాద్వీపమందలి బటేవియాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుఁడు బెరిబెరి వ్యాధిని శోధించుచుండఁగా, ఆయన కోళ్లు కాళ్లు పట్టుతప్పి కూలఁజొచ్చెను. కొన్ని నెలలకు వాటంతట నవియే కోలుకొనెను. విచారింపఁగా, కాపరి పొదుపునకై సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లబియ్యపన్నము పెట్టుచు వచ్చెననియు, క్రొత్త వంటవాఁడు దాని నియ్య నిరాకరింపఁగా ముడిబియ్యము మరల పెట్టిరనియు తెలిసెను. బియ్యపు పైపొరలో ప్రాణాధారమైన పదార్థము కలదని 1901లో గ్రైన్స్ వివరించెను. అదియే బి1 విటమిను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమాన మొసఁగఁబడెను.

కావున కోళ్లకు తెల్లన్నము మాత్రమే పెట్టరాదు. తవుడుగాని రాగులుగాని కలుపవలెను. కోడి తూలినయెడల, మేఁత యెప్పుడు మాఱెనో మొదట జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలెను. అయితే కొక్కెర తెగులునందును కాళ్లు పడిపోవును. అట్టి కోడిని వెంటనే వేఱుపఱచి పశువైద్యునికిఁ దెలుపవలెను.