మంచు మూత కింద... ఎవరైనా ఉన్నారా?

సముద్రమంటే అలలూ ఎండా గాలీ. ఈ మూడూ లేని సముద్రాలు సౌరకుటుంబంలో ఉన్నాయి తెలుసా! కిలోమీటర్ల మందాన మంచు మూతేసుకున్న ఆ చీకటి నీళ్లలో జీవం ఉందా? జవాబు వెతకడానికి బయలుదేరిన వ్యోమనౌకలు ఇప్పుడు దారిలో ఉన్నాయి. రేపు అవి ఏం చెప్పినా దాన్ని ఎంతవరకూ నమ్మాలో నేర్పే పాఠం మాత్రం మన హైదరాబాద్‌లోనే ఉంది.

అచ్యుతాపురం దగ్గరి పూడిమడక తీరంలో రోజూ ఆటుపోట్లు వస్తాయి. ముఖ్యంగా చందమామ లాగడం వల్లే మన సముద్రం పొంగుతుంది. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా మీద ఆ లాగుడు ఇంకెంతో ఎక్కువ. గురుడి బరువు భూమికి 318 రెట్లు మరి! యూరోపా మూడున్నర రోజులకోసారి ఆ గ్రహాన్ని చుట్టొస్తుంది. కక్ష్య కాస్త కోలగా ఉండటంతో ఓసారి దగ్గరికి వెళ్తుంది, ఓసారి దూరం జరుగుతుంది. దాంతో దాని ఒళ్లు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే వేడెక్కినట్టే దాని లోపలా వేడి పుడుతుంది. అందుకే పైన మైనస్ 160 డిగ్రీల చలి ఉన్నా లోపలి నీరు గడ్డకట్టలేదంటారు శాస్త్రవేత్తలు.

పైనున్న మంచు మందం 15 నుంచి 25 కిలోమీటర్లని అంచనా. అంటే అచ్యుతాపురం నుంచి అనకాపల్లికి ఎంత దూరమో అంతకు తగ్గకుండా నిలువునా మంచే! దాని కింద 60 నుంచి 150 కిలోమీటర్ల లోతున ఉప్పునీరు. యూరోపా మన చందమామకన్నా కాస్త చిన్నదే. అయినా భూమ్మీది సముద్రాలన్నిటికీ రెట్టింపు నీరు అక్కడ ఉండొచ్చట.

చూడకుండానే ఎలా తెలిసిందంటారా? 1995 నుంచి 2003 వరకూ గురుడి చుట్టూ తిరిగిన నాసా వ్యోమనౌక గెలీలియో, యూరోపా చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుండటాన్ని గమనించింది. లోపల విద్యుత్తుని ప్రవహింపజేసే పొర ఏదో ఉంటేనే అలా జరుగుతుంది. ఉప్పునీరు సరిగ్గా ఆ పని చేస్తుంది.

ఎండ లేకుండా బతుకుతాయా?

బతుకుతాయని భూమే చెప్పింది. 1977లో గలపగోస్ దీవుల దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతున వేడినీటి ఊటల చుట్టూ పురుగులూ ఆల్చిప్పలూ గుంపులుగా కనిపించాయి. ఎండ పొడ సోకని ఆ చోట రసాయనాల నుంచి శక్తిని తీసుకునే బ్యాక్టీరియాయే వాటికి ఆధారం.

శనిగ్రహం చుట్టూ తిరిగే బుల్లి చందమామ ఎన్‌సెలడస్ కూడా ఆశలు రేపింది. దాని అడ్డుకొలత 500 కిలోమీటర్లే. దక్షిణ ధ్రువం దగ్గరి పగుళ్ల నుంచి నీటిఆవిరీ మంచుపొడీ చిమ్ముతున్నాయని 2005లో కసీని వ్యోమనౌక కనిపెట్టింది. ఆ చిమ్మే నీటిలో హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫేట్లు ఉన్నాయని 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మొదటిది సూక్ష్మజీవులకు ఆహారం కాగలదు, రెండోది జీవకణాల తయారీకి కావలసిన సరుకు. వంటకి సామాన్లున్నాయి, వండినవారే ఇంకా కనిపించలేదు!

కొబ్బరినూనె చెప్పే రహస్యం

చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. నువ్వులనూనె కట్టదు. రెండింటిలోని కొవ్వుల తీరు వేరు. గడ్డకట్టించే చలిలో బతికే బ్యాక్టీరియా కూడా ఇదే కిటుకు పాటిస్తుంది. ఒంటి పొరలోని కొవ్వులను మార్చుకుని అది బిరుసెక్కకుండా చూసుకుంటుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో డాక్టర్ ఎస్.శివాజీ బృందం అంటార్కిటికా నుంచి తెచ్చిన ఇలాంటి సూక్ష్మజీవులను ఏళ్లతరబడి పరిశోధించింది. అక్కడి మట్టిలో, నీటి మడుగుల్లో, మంచులో ఎన్నో కొత్త జాతులను గుర్తించింది. మంచుని చూసి జీవం భయపడదని అవి రుజువు చేశాయి.

అక్కడిదా... మనదా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎక్కడో దూరాన సూక్ష్మజీవి దొరికితే అది అక్కడిదేనని ఎలా చెప్పడం? మన పరికరానికి అంటుకుని వెళ్లింది కాదని నమ్మకం ఏమిటి?

2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఇస్రో ఓ పెద్ద బెలూన్‌ని ఎగరేసింది. సూక్ష్మజీవులేవీ లేకుండా శుద్ధిచేసిన 16 ఉక్కు గొట్టాలు అందులో ఉన్నాయి. అవి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి తెచ్చాయి. ఆ నమూనాలను సీసీఎంబీతోపాటు పుణెలోని ప్రయోగశాల కూడా విడిగా పరీక్షించింది. మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. అతినీలలోహిత కిరణాలను అవి బాగా తట్టుకుంటున్నాయనీ చెప్పింది. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. అంతరిక్షం నుంచి వచ్చాయా అంటే, ఈ ప్రయోగంతో అలా తేల్చలేమని కూడా ఆనాడే ఇస్రో స్పష్టంచేసింది. ఆ జాగ్రత్త మంచిదే అయింది. ఆర్యభట్ట పేరున్న ఆ బ్యాక్టీరియా తరవాత పంట పొలాల మట్టిలోనూ దొరికింది!

ఈ భయంతోనే నాసా తన వ్యోమనౌకలను తానే బలిచ్చింది. ఇంధనం అయిపోవస్తున్న గెలీలియో పొరపాటున యూరోపా మీద పడి మన సూక్ష్మజీవులను అక్కడ వదలకూడదని 2003 సెప్టెంబరులో దాన్ని గురుడిలోకి పంపి కాల్చేసింది. 2017లో కసీనినీ శనిగ్రహంలోకి అలాగే పంపింది.

ఇప్పుడు 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ 2030లో గురుడిని చేరుతుంది. యూరోపాకి 25 కిలోమీటర్ల దగ్గరి దాకా వెళ్తూ 49 సార్లు దాన్ని పలకరిస్తుంది. 2023లో ఐరోపా పంపిన జ్యూస్ 2031లో చేరి, తరవాత గానిమీడ్ చుట్టూ తిరుగుతుంది. క్లిప్పర్ జీవాన్ని నేరుగా వెతకదు. బతకడానికి అక్కడ వీలుందా అన్నదే చూస్తుంది. ముందు ఇల్లు చూసి, ఆ తరవాతే ఇంట్లో ఎవరున్నారని అడగడమన్నమాట.

ఇప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలు కాలేజీకి వెళ్లేసరికి అక్కడి కబుర్లు మొదలవుతాయి. ఏదో ఓ రోజు ‘జీవం దొరికింది’ అన్న వార్త కూడా రావచ్చు. ఆరోజు వాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే... ‘అది అక్కడిదేనా?’