ఆకు కరెంటును పట్టిన గాజుగొట్టం

పదునులో వేసిన బుడ్డలు (వేరుశనగ) ఆ తర్వాత వారాల తరబడి చినుకు చూడకపోతే ఏమవుతాయో పత్తికొండ వైపు ఎవరినడిగినా చెబుతారు: మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటుంది. అంతకు ముందే కంటికి కనపడని పని ఒకటి మొదలై ఉంటుంది. అది పత్రరంధ్రాలు మూసుకోవడం.

ఒక్కో రంధ్రానికి అటొకటి ఇటొకటి రక్షక కణాలు. నీళ్లు నిండి ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, చప్పబడితే మూసుకుంటుంది. నీళ్లను లోపలికి లాగేది ముఖ్యంగా పొటాషియం అయాన్లు. అవి ఏ దారిన వచ్చిపోతున్నాయో తేల్చింది ప్యాచ్ క్లాంప్ అనే పద్ధతి. అదేమీ మొక్కల కోసం పుట్టలేదు.

1952లో హాడ్జికిన్, హక్స్‌లీ స్క్విడ్ నరంలో సోడియం, పొటాషియం ప్రవాహాలను విడివిడిగా లెక్కగట్టారు. కానీ వాళ్లు కొలిచింది కణపొరలోని అసంఖ్యాకమైన అయాన్ ద్వారాల ఉమ్మడి కరెంటు. ఒక్క ద్వారానిది పికో ఆంపియర్లలో ఉంటుంది. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. 1976లో జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సక్‌మన్ కొన్ని మైక్రాన్ల వెడల్పు మొనగల గాజుగొట్టాన్ని కప్ప కండరానికి ఆనించి, ఒకే ద్వారం తెరుచుకుని మూసుకోవడాన్ని నమోదు చేశారు; అదే ప్యాచ్ క్లాంప్. అయితే గాజుకీ పొరకీ మధ్య కరెంటు కారిపోయేది. కొన్నేళ్లకు కిటుకు దొరికింది: శుభ్రమైన కొత్త గొట్టం, కొద్దిపాటి పీల్పు. పొర గాజుకు అతుక్కుని, అక్కడి నిరోధం వంద కోట్ల ఓమ్‌లు దాటింది. ఇంత ఖరీదైన శాస్త్రం చివరికి ఒక పీల్పు మీద నిలబడటం నాకు భలే ఇష్టం. 1991లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అదే 1976లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి వి.ఎస్. రామదాస్, ఐ.ఎం. రావు, ఎ.ఎస్. రాఘవేంద్ర ఒక పత్రం అచ్చువేశారు. కరువు హార్మోను ఆబ్సిసిక్ ఆమ్లం రంధ్రాలను మూస్తే, బెంజైల్ అడెనిన్ అనే పదార్థం వాటిని మళ్లీ తెరిపించగలదని అందులో చూపారు. సీమలో కనపడింది ఫలితం; ఆ మూతకు మీట ఎక్కడుందో చెప్పాల్సింది గోటింగెన్ గొట్టమే.

మొక్క కణానికి గోడ అడ్డం. దాన్ని ఎంజైములతో కరిగించి 1984లో ష్రోడర్, హెడ్రిక్, ఫెర్నాండెజ్ రక్షక కణాల్లో పొటాషియం ద్వారాలను పట్టుకున్నారు. మొక్క కణంలో సింహభాగం రిక్తిక అనే నీటి సంచిదే, ఉప్పు ఎక్కువగా దాచేదీ అక్కడే. దాని పొరలోని ద్వారాలను 1987లో హెడ్రిక్, నేహర్ కొలిచారు. అంటే బయటికి పోవాల్సిన పొటాషియం రెండు పొరలు దాటాలి.

ఇప్పుడు మూత కథ తెలుస్తుంది. మామూలుగా ప్రోటాన్ పంపు కణం లోపలి భాగాన్ని బయటికన్నా వంద మిల్లీవోల్టులకు పైగా రుణంగా ఉంచుతుంది. ఆబ్సిసిక్ ఆమ్లం చేరగానే పంపు నెమ్మదిస్తుంది, రుణ అయాన్ల ద్వారాలు తెరుచుకుంటాయి. వాటిలో ముఖ్యమైన స్లాక్1 ద్వారానికి జన్యువు 2008లో బయటపడింది. క్లోరైడ్ వెళ్లిపోగానే లోపలి రుణం తగ్గుతుంది. వోల్టేజి మార్పును పసిగట్టే పొటాషియం ద్వారాలు అప్పుడు తెరుచుకుంటాయి. పొటాషియం వెంట నీరు.

ఇలా రంధ్రం మూసుకుంటే నీరు మిగిలినా, అదే దారిన రావాల్సిన బొగ్గుపులుసు వాయువు అందదు, కాయ ఊరదు. నంద్యాల పరిశోధనా స్థానం సూర్యనంది వంటి రకాలిచ్చిన కొర్రకు ఈ బాధ తక్కువ. దాని రక్షక కణాలు డంబెల్ ఆకారంలో ఉండి, పక్క కణాలతో పొటాషియం ఇచ్చిపుచ్చుకుంటూ చురుగ్గా కదులుతాయి. పైగా సీ4 మొక్క కాబట్టి, సగం మూసిన రంధ్రంతోనూ కావలసినంత కార్బన్ కూడగట్టుకోగలదు.