ఫుట్‌బాల్ గురువు పీటర్ మెక్‌విలియం

ఫుట్‌బాల్ ఆటలో గోలు కొట్టినవాని పేరు అందరును ఎరుగుదురు. అతనికి బంతి అందించినవాని పేరు కొందరికి జ్ఞాపకముండును. అట్లు అందించుట నేర్పినవానిని తలచువారు మాత్రము అరుదు. స్కాట్లండు దేశీయుడు పీటర్ మెక్‌విలియం అట్టి గురువులలో ముఖ్యుడు.

ఈ ఆట తొలినాళ్ళలో ఇంగ్లండున బంతి చిక్కినవాడు దానిని తానే తోసికొని పోవుట పరిపాటి. 1870 ప్రాంతమున స్కాట్లండువారు వేరొక మార్గము త్రొక్కినారు. బంతిని దగ్గరనున్న తోడివానికి నేలబారుగా అందించి, వెంటనే ఖాళీచోటికి కదలి, మరల అందుకొనుట వారి పద్ధతి. మనిషికంటె బంతి వేగముగా పోవును గదా! ఎదుటివారు ఎంత పరుగెత్తినను దానిని అందుకొనుట కష్టము.

ఈ విద్య వంటబట్టిన మెక్‌విలియం 1902లో న్యూకాజిల్ యునైటెడ్ జట్టులో చేరినాడు. లెఫ్ట్‌హాఫ్‌గా ఆడుచు 1905, 1907, 1909 సంవత్సరముల లీగు విజయములలోను, 1910 ఎఫ్.ఏ. కప్పు విజయములోను పాలుపంచుకొన్నాడు. 1911లో స్కాట్లండు పక్షమున వేల్సుతో ఆడుచుండగా తగిలిన దెబ్బతో ఆయన మైదానజీవితము ముగిసినది.

1913 ఆరంభమున లండనులోని టోటెన్‌హామ్ హాట్‌స్పర్ జట్టుకు ఆయన మేనేజరైనాడు. ఆ జట్టు 1920లో రెండవ డివిజనులో ప్రథమస్థానము పొందినది. 1921లో వుల్వర్‌హాంప్టన్ జట్టును 1–0తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలుచుకొన్నది. ఇంతకంటె విలువైన పని వేరొకటి కలదు. కెంటులోని నార్త్‌ఫ్లీట్ క్లబ్బును పాఠశాలవలె చేసికొని, చిన్నవారికి అక్కడ తన పద్ధతి అలవరచుటకు ఆయన ఏర్పాటు చేసినాడు. విత్తనము వేసినవాడు పంటకు ఓపిక పట్టవలెను; క్లబ్బు పెద్దలకు ఆ ఓపిక చాలలేదు. 1927లో మిడిల్స్‌బరో క్లబ్బు ఏడాదికి 1,500 పౌండ్లు ఇచ్చుటకు ముందుకు రాగా, 850 పౌండ్లు పొందుచున్న ఆయన 1,000 ఇచ్చిన చాలునన్నాడు. పెద్దలు కాదన్నారు. ఆయన వెడలిపోయినాడు. మరుసటి ఏడు టోటెన్‌హామ్ రెండవ డివిజనుకు దిగజారినది. చిత్రమేమనగా, ఆయన చేరిన మిడిల్స్‌బరో కూడ ఆ ఏడే దిగజారి, 1929లో తిరిగి పైకి వచ్చినది.

1938లో టోటెన్‌హామ్ ఆయనను మరల పిలిచినది. యుద్ధము వచ్చి పోటీలు నిలిచినవి. 1942లో ఆయన విరమించినాడు. పంట ఆ తరువాత పండినది. ఆయన శిక్షణలో పెరిగిన ఆర్థర్ రో మేనేజరుగా, అదే పద్ధతితో టోటెన్‌హామ్ 1951లో తొలిసారి లీగు విజేత అయినది. ఆ ఏటనే మెక్‌విలియం కన్నుమూసినాడు. మరియొక శిష్యుడు బిల్ నికల్సన్ 1961లో లీగును, కప్పును ఒకే ఏట సాధించినాడు. వేరొకడు విక్ బకింగ్‌హామ్ హాలండులోని అజాక్స్ జట్టుకు మేనేజరై, 1964లో జోహాన్ క్రైఫ్ అను పదునేడేండ్ల బాలుని తొలిసారి బరిలో దింపినాడు. ఆ బాలుడు లోకప్రసిద్ధుడైనాడు.

మెక్‌విలియం గెలిచిన కప్పులు కొన్నియే. ఆయన నేర్పిన ఆట మాత్రము తరములు దాటి, దేశములు దాటి నిలిచినది.