తుఫాను గాలికి ఇల్లు నిలవాలంటే

మన హాస్టల్లో చదువుకునే తమ్ముళ్లలో చాలామంది ఇళ్లు తాటాకువో, రేకులవో. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను కబురు వింటే మనం ఇక్కడున్నా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. అందుకే ఎం.ఎస్సీ.లో మేము చదువుకున్న భౌతికశాస్త్రంలోంచి ఇంటి కప్పుకు పనికొచ్చే నాలుగు మాటలు ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పదలచాము.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మేము సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాము. ముందురోజు సాయంత్రమే మా నాన్న రేకుల మీద ఇసుక మూటలు, రాళ్లు పెట్టాడు. రాత్రి గాలికి వీధి తలుపు గడియ ఊడిపోయింది. మరుక్షణం రేకులు మూటలతో సహా లేచిపోయాయి. ఆ వానలో అమ్మ తను తడుస్తూ కొంగులో దాచింది మా పదో తరగతి సర్టిఫికెట్టును.

అంత బరువు పెట్టినా కప్పు ఎందుకు ఎగిరింది? గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి కప్పు మీదుగా వేగంగా పోయే గాలి వల్ల పైన పీడనం తగ్గి, కప్పు పైకి లాగబడుతుంది. తలుపు ఊడితే లోపలికి దూరిన గాలి కింది నుంచి కూడా తోస్తుంది. గాలివానలో గొడుగు తిరగబడడం మనం చూసిందే.

గాలి వేగం మూడు రెట్లయితే దాని బలం తొమ్మిది రెట్లవుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. చదరపు మీటరు సిమెంటు రేకు బరువు 20 కిలోలు కూడా ఉండదు. కాబట్టి కప్పును కాపాడేది బరువు కాదు, కట్టు. పైగా ఆ రాళ్లే ఎగిరి మనుషుల మీద పడతాయి.

ఇక చేయవలసిన పనులు చూద్దాం.

1. రేకులను మేకులతో కాక, వాషర్లు వేసి కొక్కెం బోల్టులతో బిగించాలి. అంచుల్లో, మూలల్లో, నడికొప్పు వెంట బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. గాలి ముందుగా లేపేది అక్కడే.

2. దూలాన్ని గోడ మీద ఊరికే ఆనించకూడదు. గోడ కట్టేటప్పుడే కాంక్రీటులో ఇనుప కడ్డీ దింపి దూలానికి బిగించాలి. రేకు నుంచి పునాది దాకా పట్టు గొలుసులా సాగాలి. ఒక్క లంకె వదులైనా అక్కడే తెగుతుంది.

3. తాటాకు ఇంటికి గుంజలు లోతుగా పాతి, మూలల్లో ఐమూలగా కర్రలు కట్టాలి. కప్పు మీద పాత వల పరిచి, మోకులతో నేలలో పాతిన గుంజలకు లాగి కట్టాలి.

4. రేకుల ఇంటికి చూరు మూరెడు మించి బయటికి రాకూడదు. కప్పు మరీ చదునుగానూ ఉండకూడదు.

5. తలుపులకు, కిటికీలకు గట్టి గడియలతో పాటు అడ్డకర్రలు ఉండాలి.

ఈ తెలివి మన పెద్దలకు లేనిది కాదు. ఉత్తరాంధ్ర తీరపల్లెల చుట్టిల్లు చూడండి. గుండ్రటి గోడ చుట్టూ గాలి జారిపోతుంది. కప్పు అన్ని వైపులా వాలి ఉంటుంది కనుక గాలికి పట్టు దొరకదు.

ఒక హెచ్చరిక. ఇవన్నీ గాలికే గాని నీటికి కాదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది మందిని బలిగొన్నది ఉప్పెన. అధికారులు ఖాళీ చేయమంటే ఇల్లు వదిలి తుఫాను షెల్టరుకు వెళ్లవలసిందే. గాలి హఠాత్తుగా ఆగితే బయటికి రావద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.

పోయిన వేసవిలో మేమూ, నాన్నా కలిసి మా ఇంటి మేకులన్నీ పీకి బోల్టులు బిగించాము. ఖర్చు కొంత ఎక్కువే గాని, కొత్త రేకులు కొనడం కంటే తక్కువే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాళ్లం మేమే మొదలు. ఆ చదువు అమ్మానాన్నల తల మీది కప్పుకు అక్కరకొచ్చినందుకు సంతోషించాము. తమ్ముళ్లారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్కసారి తలెత్తి మీ కప్పు చూడండి. ఏది దేనికి కట్టి ఉందో నాన్నను అడగండి.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)