సులై సున్నపురాయి మీద నీటిబొట్టు

తామరాకు మీద నీరు బొట్లుబొట్లుగా జారిపోతుంది. అదే నీరు శుభ్రమైన గాజు పలక మీద పల్చగా పరుచుకుంటుంది. తేడా నీటిలో లేదు, అది పడిన తలంలో ఉంది.

1805లో థామస్ యంగ్ దీనికి కారణం చెప్పాడు. బొట్టు అంచు వద్ద మూడు తలతన్యతలు పోటీపడతాయి. ఘనానికీ గాలికీ మధ్యనున్నది అంచును బయటికి లాగుతుంది. ఘనానికీ ద్రవానికీ మధ్యనున్నది, ద్రవానికీ గాలికీ మధ్యనున్నది దానిని వెనక్కి లాగుతాయి. ఇవి సరితూగిన చోట అంచు ఆగుతుంది. అక్కడ ద్రవం వైపునుంచి కొలిచిన కోణమే స్పర్శకోణం. అది 90 డిగ్రీలకు తక్కువైతే ద్రవం తలాన్ని తడిపినట్టు, ఎక్కువైతే తడపనట్టు. తామరాకు మీది మైనం, సూక్ష్మమైన బొడిపెలు కలిసి దానిని 150 డిగ్రీలు దాటిస్తాయి.

ఈ కోణం మీదే చమురు దిగుబడి కూడా చాలావరకు ఆధారపడుతుంది. రియాద్ ఆగ్నేయాన ఉన్న సులై పేరును భూవిజ్ఞానులు సుమారు 14 కోట్ల ఏళ్లనాటి ఒక సున్నపురాతి పొరకు పెట్టారు. దాని కింద మూతలాంటి హిత్ అన్‌హైడ్రైట్, ఆ కింద అరబ్ సున్నపురాయి ఉంటాయి. 1948లో కనుగొన్న ఘవార్ క్షేత్రపు చమురు ప్రధానంగా ఈ అరబ్ పొరలోదే.

శుభ్రమైన సున్నపురాతి మీద నీరు పరుచుకుంటుంది. ఆ రాతికి నూనె పట్టిస్తే బొట్టు కడుతుంది. భూగర్భంలోనూ ఇదే జరుగుతుంది. సున్నపురాతి తలానికి సాధారణంగా ధనావేశం ఉంటుంది. చమురులోని సేంద్రియామ్లాల ఋణావేశపు కొసలు దానికి అతుక్కుంటాయి. దాంతో ఒకప్పుడు నీటితో తడిసిన రాయి క్రమంగా చమురుతో తడిసేదవుతుంది.

నీటితో తడిసే రాతిలోకి నీటిని పంపితే సన్నని రంధ్రాలు దానిని పీల్చుకుని చమురును బయటికి నెడతాయి. చమురుతో తడిసే రాతిలో నీరు పెద్ద రంధ్రాల వెంటే సాగిపోతుంది. గోడలను అంటిన చమురు అక్కడే మిగిలిపోతుంది.

అందుకే అరామ్‌కో పరిశోధకులు రాతిని తిరిగి నీటివైపు మళ్లించే ప్రయత్నం చేశారు. సముద్రపు నీటిలోని సల్ఫేటు, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు అతుక్కున్న ఆమ్లాలను వదిలించటానికి తోడ్పడతాయి. గల్ఫ్ సముద్రపు నీటిని దశలవారీగా పలుచన చేసి సున్నపురాతి నమూనాలలోకి పంపినప్పుడు స్పర్శకోణం తగ్గింది, మామూలు సముద్రపు నీటికి లొంగని చమురు కొంత బయటికి వచ్చింది. ఈ ప్రయోగాలలో రాయీ మారలేదు, చమురూ మారలేదు. మారింది నీటిలోని ఉప్పుల పాళ్లు మాత్రమే.